గాడ్‌ఫాదర్ వద్దు, పెద్దదిక్కు కావాలె



పోస్టు పొడుగుంటది. మెస్ లైన్‌లో నిలబడి సగం, రాత్రి పండుకునే ముందు సగం చదివినా సరే, కానీ పూర్తిగా చదవండి. చివర్ల మీ అందరినీ ఒకటి అడుగుతున్నాం.

కొత్త అడ్మిషన్లు మొదలైతున్నయి. అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల, విజయవాడ హైవే పొడుగునా కాలేజీలే కాలేజీలు. ఎల్బీనగర్‌ల మెట్రో అయిపోతది, హయత్‌నగర్ దాటినంక బస్సే దిక్కు. ఆ బస్సుల్లోంచి దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట పెంటల నుంచి, ఉట్నూరు గూడేల నుంచి, భద్రాచలం దిక్కు కోయ పల్లెల నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు దిగుతరు. చేతిలో పెట్టె, సంచిలో సర్టిఫికెట్లు, పక్కన అమ్మనో నాయిననో. ఇంట్లో కాలేజీ మొఖం చూసిన మొదటి మనిషి వాళ్లే.

వాళ్ల ముందు పెట్టే అప్లికేషన్లలో చాలావాటిల ఒక గడి ఉంటది. లోకల్ గార్డియన్ పేరు, హైదరాబాద్ అడ్రస్, ఫోన్ నంబర్, సంతకం. మిగతా గడులు అన్నీ నింపొచ్చు. కులం సర్టిఫికెట్ ఉంది, ఆదాయం సర్టిఫికెట్ మీసేవల తీసుకున్నం, ఆధార్ ఉంది. ఈ ఒక్క గడి దగ్గర పెన్ను ఆగుతది. హైదరాబాద్‌ల మనకెవరు ఉన్నరు? నాయినకు తెలిసిన మనిషి ఒక్కడే, కూలికి పిలిచే మేస్త్రీ. మనలో ఎంతమంది ఆ మేస్త్రీ పేరే రాసినమో మనకు తెలుసు. ఇంకొందరు రూమ్ ఓనర్ పేరు రాసిన్రు. కొందరు గీత పెట్టి వదిలేసిన్రు. ఆ గడి ఎవరూ తర్వాత తీసి చూడరు, నిజమే. కానీ జ్వరం వచ్చినప్పుడు, ఫీజు గడువు దాటినప్పుడు, ఇంటికి పోయి మళ్లీ రాకూడదనిపించినప్పుడు ఆ గడి ఖాళీగా ఉన్న సంగతి తెలుస్తది.

ఈ పోస్టు ఆ ఖాళీ గురించే. దాన్ని ఎవరు నింపాలె, ఎట్ల నింపాలె అని.

మనవాళ్లు చాలామంది దీనికి ఒకే మాట అంటరు: "మనకు గాడ్‌ఫాదర్ లేడు బై." ఆ మాట మనకు సినిమాల నుంచి వచ్చింది. రామోజీ ఫిల్మ్ సిటీ మన మండలంలనే ఉంది కాబట్టి మనకు ఇంకొంచెం దగ్గర. ఇండస్ట్రీల గాడ్‌ఫాదర్ లేకుండా పైకొచ్చిండు అంటరు, రాజకీయాల్లో వాడి వెనక గాడ్‌ఫాదర్ ఉన్నడు అంటరు. 1972ల వచ్చిన అమెరికా సినిమా మాఫియా పెద్దను ఆ పేరుతో ప్రపంచమంతా చూపించింది. 2022ల మన చిరంజీవి సినిమాకు కూడా అదే పేరు. అంటే మన చెవులకు గాడ్‌ఫాదర్ అంటే పైన కూర్చున్నోడు, చిటికేస్తే పని చేసిపెట్టేటోడు, ఆ తర్వాత మన దగ్గర ఏదో ఒకటి వసూలు చేసుకునేటోడు.

అసలు మాట అది కాదు. చర్చికి పోయే మన దోస్తులకు ఇది బాగా తెలుసు. కథోలికుల్లో బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు పక్కన నిలబడేటోళ్లను జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి అంటరు. ఇంగ్లీషుల గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్ అంటే వీళ్లే. మనం ఏ దేవుణ్ణి మొక్కినా, ఎవర్నీ మొక్కకపోయినా, ఆ పద్ధతిల మనకు పనికొచ్చే సంగతులు ఉన్నయి. 1983 నాటి కథోలిక చర్చి చట్టం ప్రకారం ఆ మనిషికి 16 ఏళ్లు నిండాలె. సొంత తల్లి, సొంత తండ్రి ఆ స్థానంలో ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యమైంది, ఆ మనిషిని ఎంచుకునేది జ్ఞానస్నానం తీసుకునే మనిషి, లేకపోతే తల్లిదండ్రులు. "నేనే నీకు గాడ్‌ఫాదర్" అని ఎవరంతట వాళ్లు వచ్చి కూర్చునే కుర్చీ కాదది.

ఈ మూడు సంగతులను మన దిక్కు తిప్పి చూడండి. 16 ఏళ్లు చాలంటే మనకు 19, 20 ఉన్నయి. సొంత అమ్మానాయిన ఉండకూడదంటే వాళ్లను తక్కువ చేసుడు కాదు. వాళ్ల పక్కన ఇంకొక మనిషి ఉండాలని. ఎంచుకునేది బిడ్డ తరఫువాళ్లు అంటే అధికారం ఎటు ఉందో తేలిపోతది.

ఇదంతా అక్కడ కూడా ఎప్పుడూ మంచిగనే నడిచిందని కాదు. ఇటలీల, మాఫియా పుట్టిన సిసిలీ దీవిల, కటానియా అనే పట్నం ఉంది. 2021 అక్టోబర్‌ల అక్కడి చర్చి పెద్దలు మూడేళ్ల పాటు గాడ్‌పేరెంట్స్ పద్ధతినే ఆపేసిన్రు. ఎందుకంటే అది పలుకుబడి ఉన్నోళ్లతో చుట్టరికం కలుపుకునే దారి అయిపోయింది, బిడ్డను చూసుకునే పని ఎవరికీ గుర్తు లేదు. పేరు మిగిలి పని పోతే చర్చి కూడా ఆపక తప్పలేదు.

మెక్సికో, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ దిక్కు ఇంకో సంగతి ఉంది. బిడ్డకు గాడ్‌ఫాదర్ అయిన మనిషి, బిడ్డ సొంత తండ్రి ఒకరికొకరు చుట్టాలైపోతరు. మన దగ్గర వియ్యంకులు అన్నట్టు వాళ్ల దగ్గర దానికి పేరే ఉంది, కుంపాద్రే అంటరు. సిడ్నీ మింట్జ్, ఎరిక్ వుల్ఫ్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు 1950ల దీని మీద ఒక పెద్ద వ్యాసం రాసిన్రు. వాళ్లు చెప్పింది మన హాస్టల్ గోడ మీద రాసుకోవాలె. కూలోళ్లు తోటి కూలోళ్లనే గాడ్‌పేరెంట్స్‌గా ఎంచుకునే చోట అది వాళ్ల మధ్య ఒకరికొకరు నిలబడే బంధం అయితది. భూస్వామిని ఎంచుకున్న చోట కొంచెం రక్షణ దొరుకుతది, దాంతోపాటు ఆ భూస్వామికి కట్టుబడి ఉండుడు కూడా వస్తది. ఒకటే ఆచారం, ఎవర్ని ఎంచుకున్నమనేదాన్ని బట్టి రెండు రకాలుగా పనిచేస్తది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకు ఇది కొత్త కాదు. తెలుగు ఇండ్లల్ల పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు, చెవులు కుట్టేటప్పుడు బిడ్డ కూర్చునేది మేనమామ ఒడిల. నొప్పి అయ్యే సమయంల పట్టుకోవాల్సిన మనిషి ఎవరో ముందే రాసిపెట్టి ఉంది. తండాల నాయక్, కార్భారి కూర్చోకుండా పెద్ద మాట తెగేది కాదు, గూడెంల పటేల్ ఉంటడు. అంటే అమ్మానాయిన ఒక్కరే మోయలేని బరువుకు పక్కన ఇంకో భుజం ఉండాలన్న ఆలోచన మనదే. కాకపోతే ఆ మేనమామకు జేఎన్టీయూ సెమిస్టర్ రూల్స్ తెల్వయి, నాయక్‌కు ఈపాస్ వెబ్‌సైట్ తెల్వదు. మనం ఊరు దాటి వచ్చినం, మన పెద్దదిక్కు ఊర్లనే ఆగిపోయింది.

ఆ ఖాళీని చూసి చాలామంది ముందుకొస్తున్నరు. వాళ్లు వాడే మాట దత్తత. 2014ల ఎంపీలు ఊళ్లను దత్తత తీసుకునే సంసద్ ఆదర్శ్ గ్రామ్ యోజన వచ్చింది. 2015ల శ్రీమంతుడు సినిమా వచ్చినంక దత్తత అనే మాట ఇంటింటికీ తెలిసింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌ల 2025 ఉగాదికి పీ4 అని మొదలుపెట్టిన్రు. పైన ఉన్న 10 శాతం మంది కింద ఉన్న 20 శాతం కుటుంబాలకు అండగా ఉండాలని, సాయం చేసేటోళ్లను మార్గదర్శి అని, తీసుకునేటోళ్లను బంగారు కుటుంబం అని పేర్లు పెట్టిన్రు. దీంట్ల మంచి మనసుతో వచ్చినోళ్లు ఉంటరు, వాళ్లను మేము తప్పు పట్టట్లేదు. మా ప్రశ్న ఒక్కటే. దత్తత అన్నప్పుడు ఎంచుకునే చేయి ఎవరిది? తీసుకునేటోళ్లది. దత్తతకు పోయే ఊరు, కుటుంబం జాబితాల పేరుగా ఉంటది. "ఈయన మాకు వద్దు, ఫలానా టీచరమ్మ కావాలె" అని ఆ కుటుంబం అనగలిగే చోటు ఎక్కడుంది? పైగా దత్తత అంటే అమ్మానాయిన లేనట్టు లెక్క. మనకు అమ్మానాయిన ఉన్నరు. పత్తి ఏరి, తునికాకు కోసి, సిమెంటు మోసి మనల్ని ఇక్కడిదాకా పంపింది వాళ్లే.

బయటివాళ్లు ఎవరూ పెద్దదిక్కు కాలేరా మరి? కాగలరు. మార్లవాయి చూడండి. ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది ఆ గోండు ఊరు. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీంను చంపినంక, గోండులు ఎందుకు తిరగబడిన్రో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిల గుడిసె వేసుకుని ఉన్నరు, గోండి నేర్చుకున్నరు. గోండులకు భూమి పట్టాలు ఇవ్వాలని ప్రభుత్వానికి చెప్పిన్రు. 1943ల అక్కడ టీచర్ల ట్రైనింగ్ సెంటర్ మొదలైంది. ఆ సెంటర్‌ల టీచర్లుగా తయారైంది గోండు పిల్లగాండ్లే, వాళ్ల కోసం గోండిల వాచకాలు తయారైనయి. చదువు చెప్పేటోణ్ణి బయటినుంచి తెచ్చి నిలబెట్టకుండా, ఊరోణ్ణే చదువు చెప్పేటోణ్ణి చేసిన్రు.

ఆయన అక్కడితో చేతులు దులుపుకోలేదు. ఏండ్ల తర్వాత మళ్లీ మళ్లీ వచ్చిండు. ఇప్పించిన భూములు ఏమైనయో చూసిండు, చాలా భూములు గోండుల చేతుల్లోంచి బయటివాళ్లకు పోయినయని 1982ల అచ్చైన పుస్తకంల రాసిండు. 1987ల బెట్టీ చనిపోతే మార్లవాయిలనే సమాధి చేసిన్రు. 1995ల ఆయన లండన్‌ల చనిపోయిండు, తర్వాత ఆయన అస్థికలు కూడా అదే ఊరికి వచ్చినయి. ఇప్పటికీ ఆ ఊరు వాళ్ల వర్ధంతి చేస్తది. ఆయన్ని మొదట పంపింది ప్రభుత్వం, గోండులు పిలవలేదు. కానీ చివరికి ఆ ఇద్దరినీ తమ మట్టిల కలుపుకున్నది గోండులే. ఎంచుకోవుడు ఆలస్యంగా జరిగింది, అయినా ఎంచుకున్నది ఊరే.

ఎస్.ఆర్. శంకరన్ సార్ గురించి కూడా మన సీనియర్లు చెప్తుంటరు. సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఐఏఎస్. పెళ్లి చేసుకోలేదు, జీతంలో, పెన్షన్‌లో చాలా వరకు పేద పిల్లల చదువుకే పెట్టిండు. పద్మభూషణ్ ఇస్తమంటే వద్దన్నడు. 2010 అక్టోబర్ 7న చనిపోయిండు. బిరుదు వద్దన్న మనిషి ఇంటికి పిల్లలు ఫీజు కోసం, సలహా కోసం పోయేటోళ్లు. పేరు తక్కువ, పని ఎక్కువ.

ఇప్పుడు మన చుట్టూ కనపడే రకం వేరు. ఫస్టియర్ పిల్లగాడు పరీక్ష ఫీజుకు ఇబ్బంది పడ్తుంటే ఒక "అన్న" వస్తడు. వెయ్యి రూపాయలు కడ్తడు, రాత్రి బిర్యానీ తినిపిస్తడు. నెల తర్వాత ఆ అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మనోడి ఫోటో చిన్న గుండ్రంల ఉంటది. ఆ తర్వాత మీటింగ్‌కు బస్సు నింపాలె, ర్యాలీల జెండా పట్టాలె, ఇంటర్నల్ ఎగ్గొట్టాలె. "నీకు ఫీజు కట్టింది ఎవరు?" అనే మాట వచ్చిన రోజు మనోడికి అర్థమైతది, అది సాయం కాదు అప్పు అని. ప్యూర్టోరికో కూలోళ్ల సంగతి, మన హైవే పక్క బిర్యానీ సంగతి ఒకటే. ఏ పార్టీ అని మేము అనట్లేదు, అన్ని రంగుల జెండాల కింద ఇది ఉంది.

అందుకే మేము అనేది, మనకు మనమే పెద్దదిక్కు కావాలె. సెకండియర్, థర్డియర్, ఫైనలియర్ వాళ్లు ఒక్కొక్కరు ఒక ఫస్టియర్ తమ్ముడికో చెల్లెకో నిలబడాలె. పెద్దదిక్కు అంటే పెద్ద పని ఏం కాదు. మేము ఆలోచించి మూడు సమయాలు పట్టుకున్నం.

మొదటిది, వచ్చిన నెల. ఈపాస్‌ల స్కాలర్‌షిప్ అప్లై చేసేటప్పుడు పేరులో ఒక్క అక్షరం ఆధార్‌తో కలవకపోయినా ఇబ్బంది అని, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కావాలని, ఏ కాగితం జిరాక్స్ ఎన్ని పెట్టుకోవాలని ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. మనకు తెలుసు, ఎందుకంటే మనం ఆ లైన్లల్ల నిలబడ్డం. పక్కన కూర్చుని చేపించాలె. మనమే చేసి ఇస్తే వచ్చే ఏడు రెన్యువల్‌కు మళ్లీ మన దగ్గరికే వస్తరు.

రెండోది, దసరా. ఇది అన్నిటికంటే ముఖ్యం. సెలవులకు పోయిన పిల్లలల్ల కొందరు తిరిగి రారు. ఇంటికాడ పత్తి ఏరుడు ఉంటది, చేతులు తక్కువుంటయి. ఇక్కడేమో ఇంగ్లీషుల పాఠం అర్థం కాదు, క్లాసుల ఎవరూ మాట్లాడరు. పత్తి చేను అర్థమైనట్టు మ్యాథ్స్ అర్థం కాదు. "రెండు రోజులాగి పోత" అంటరు, ఆ రెండు రోజులు ఏడాది అయితది. అప్పుడు హాస్టల్ నుంచి ఎవరూ ఫోన్ చెయ్యరు. పెద్దదిక్కు చెయ్యాలె. సెలవులు అయిపోయే ముందు రోజు ఒక ఫోన్: "ఏ బస్సుకు వస్తున్నవ్? ఎల్బీనగర్ కాడ ఉంట." గంతే.

మూడోది, మొదటి సెమిస్టర్ రిజల్ట్స్. మూడు సబ్జెక్టులు పోయినయని తెలిసిన రాత్రి ఆ పిల్ల రూమ్ తలుపు కొట్టాలె. బ్యాక్‌లాగ్ అంటే చదువు అయిపోయినట్టు కాదని, మళ్లీ రాయొచ్చని, మనలో ఎంతమంది అట్ల రాసి పాసయిన్రో చెప్పాలె. ఇంటర్ దాకా ఊర్ల ఫస్టు వచ్చిన పిల్లలకు ఫెయిల్ అనే మాట ఎంత బరువో మనకు తెలుసు.

ఇంకో పని ఉంది, అది ఎప్పటికీ ఉండేది. వాళ్ల ఇంటికి ఫోన్ చేసి వాళ్ల భాషల మాట్లాడాలె. గోర్‌బోలిల, గోండిల, కోయల, ఏది వస్తే అది. "యాడీ, నీ బిడ్డ మంచిగుంది" అని హైదరాబాద్ నుంచి ఒక గొంతు మన భాషల చెప్తే ఆ తల్లి నిమ్మళంగ పండుకుంటది. ఆ తల్లికీ మనకూ చుట్టరికం కలుస్తది, కుంపాద్రే అంటే అదే. లంబాడీ అక్క చెంచు చెల్లెకు పెద్దదిక్కు అయితే ఇంకా మంచిది. బయట మన తెగల మధ్య ఎన్ని మాటలున్నా ఒకే మెస్‌ల ఒకే పప్పుచారు తింటున్నం కదా.

కొన్ని హద్దులు కూడా పెట్టుకుందాం. ఎంచుకునేది జూనియరే. మొదటి వారం సీనియర్లందరం పరిచయం చేసుకుందాం, పది రోజుల తర్వాత "నాకు ఫలానా అక్క" అని వాళ్లు చెప్పాలె. నచ్చకపోతే మార్చుకోవచ్చు, కారణం అడగొద్దు. అమ్మాయిలకు అమ్మాయిలే. ఒకరికి ఇద్దరి కంటే ఎక్కువ వద్దు. మన బట్టలు ఉతికించుడు, టిఫిన్ తెప్పించుడు, రికార్డు రాపించుడు ఉండొద్దు; అది ర్యాగింగే, ప్రేమతో చేసినా సరే. ఏ జెండా కిందికీ తీసుకపోవద్దు. ఫేస్‌బుక్‌ల ఫోటో పెట్టొద్దు.

ఇద్దరు ముగ్గురు దోస్తులకు ఈ పోస్టు ముందే చూపించినం. ఒకరు అన్నరు, "మనకే బ్యాక్‌లాగ్‌లు ఉన్నయి, మనమేం చెప్తం?" నిజమే. కానీ ఆ పిల్లలకు కావాల్సింది టాపర్ కాదు. మీసేవ ఏడుందో, మంగళవారం ఏ సార్ సంతకం పెడ్తడో తెలిసిన మనిషి కావాలె. ఇంకొకరు అన్నరు, "ఇది ప్రభుత్వం పని, హాస్టల్ వార్డెన్ పని. మనం చేస్తే వాళ్లు ఇంకా చేతులెత్తేస్తరు." ఈ మాటకు బలముంది. రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుంటే దాన్ని ఏ అన్నా ఏ అక్కా తీర్చలేరు, తీర్చాల్సింది ప్రభుత్వమే. మెస్ బిల్లు కూడా అంతే. పెద్దదిక్కు వాళ్ల పనిని మీదేసుకోడు. దరఖాస్తు రాసేటప్పుడు పక్కన కూర్చుంటడు, ఆఫీసుకు పోయేటప్పుడు ఇంకో పది మందిని కూడగడ్తడు. ఒంటరిగా ఉన్న పిల్లగాడు ఇంటికి పోతడు, పక్కన మనిషి ఉన్న పిల్లగాడు ఆఫీసుకు పోతడు. ప్రభుత్వాన్ని అడిగేటోళ్ల లెక్క పెరగాలన్నా ముందు మన పిల్లలు ఇక్కడ ఉండాలె.

మా హాస్టల్‌ల వచ్చే ఆదివారం సాయంత్రం టిఫిన్ తర్వాత కూర్చుంటున్నం. ఒప్పుకున్నోళ్లు అందరి ముందు రెండే మాటలు చెప్తరు: "నువ్వు ఎంచుకుంటే ఏడాదిపాటు నీకు ఉంట. దసరాకు ఫోన్ చేస్త." మీ హాస్టళ్లల్ల కూడా పెట్టుకోండి. అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం, హయత్‌నగర్ దిక్కు ఉన్నోళ్లు కింద కామెంట్‌ల మీ ఏడాది, మీకు వచ్చే భాష రాయండి. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, అడ్మిన్ అన్నకు పర్సనల్‌గా పంపండి. చెల్లెళ్ల కోసం అక్కలు తక్కువ పడ్తున్నరు, ముందుగా అక్కలే రాయండి.